దొరగారి పెన్సిల్ గీత

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, సింగపూరు చోవా చూ కాంగ్‌లోని మా ఫ్లాట్ ముందుగదిలో కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ నన్ను పిలిచే పిలుపు మార్చేసింది. వచ్చినప్పటి నుంచీ నోరారా "అన్నయ్యగారూ" అంటున్న మనిషి, నేను మా ఇంటిపేరు చెప్పగానే గ్లాసు నెమ్మదిగా బల్ల మీద పెట్టి, "అయితే మీరు నాకు బావగారు కావాలండీ" అన్నది. మన ఈడువాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. వియ్యానికి వచ్చిన ఇంటి మగవాణ్ణి ఆడవాళ్లు అన్నయ్య అంటారు. బావగారంటే భర్త వైపు మనిషి, భర్త ఇంటివాడు. మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకటేనని, ఒకే ఇంటి పిల్లలు అన్నాచెల్లెళ్లవుతారు కాబట్టి ఈ పెళ్లి కుదరదని ఆవిడ ఆ ఒక్క పిలుపుతో చెప్పేసింది.

ఆవిడ మా మనవరాలు చేసుకోవాలనుకున్న అబ్బాయికి నాయనమ్మ. అబ్బాయి తల్లిదండ్రులు గోదావరి వైపు నుంచి ఉద్యోగాల మీద వచ్చి జురాంగ్ ఈస్ట్‌లో స్థిరపడినవాళ్లు. ఆవిడ వాళ్లను చూసిపోదామని వచ్చి, మనవడి పెళ్లి మాటలు కూడా ముగించుకుని వెళ్దామని ఆగింది. మాది వేరే దారి. ఉత్తరాన ఉన్న పేరాక్‌లో కొబ్బరి తోటల్లో పుట్టి, పని వెతుక్కుంటూ దక్షిణానికి దిగివచ్చిన కుటుంబం. పిల్లలిద్దరూ ఒకే బ్యాంకులో పనిచేస్తున్నారు, కొన్నేళ్లుగా ఒకరినొకరు ఎరుగుదురు. మరి ఇన్నాళ్లూ ఇంటిపేరు సంగతి తెలియలేదా అని మీకు అనిపించవచ్చు. ఇక్కడ మా గుర్తింపు కార్డుల్లో ఫలానా వారి కొడుకు, ఫలానా వారి కూతురు అని తండ్రి పేరే ఉంటుంది. ఇంటిపేరన్నది పెళ్లికో కర్మకో తప్ప మా నోళ్లలోంచి బయటికి రాదు. ఆ అబ్బాయి పేరు ముందున్న పొడుగాటి మాట తనకూ ఇంటిపేరేనని మా పిల్లకు ఆ ఆదివారం దాకా తెలియదు. ఆ పేరేమిటో ఇక్కడ రాయను. అదొక ఊరి పేరు, అంతవరకు చాలు.

"తాతా, వై ఎవ్రీబడీ సో క్వైట్?" అన్నది మనవరాలు. మా అబ్బాయి పక్కకు తీసుకెళ్లి చెప్పాడు. "సేమ్ నేమ్ ఓన్లీ లా, నాన్నా. దానికే అన్నాచెల్లెళ్లం అయిపోతామా?" అని అది నవ్వబోయి, తను చేసుకోబోయే అబ్బాయి ముఖం చూసి ఆగిపోయింది. ఆ అబ్బాయి నాయనమ్మ చేతుల్లో పెరిగినవాడు. ఆవిడ మనసు కష్టపెట్టి తాళి కట్టే రకం కాదు.

ఆవిడ కోడలు తెలివైన మనిషి. "అత్తయ్యా, అది ఊరి పేరు కదా, ఆ ఊరి నుంచి వచ్చిన ఎవరికైనా అదే పేరు పడి ఉంటుంది. వీళ్లు వేరే ఇల్లేమో" అన్నది. పెద్దావిడ ఆ మాట కొట్టిపారెయ్యలేదు. వంటింట్లోంచి మురుకుల పళ్లెం తెస్తున్న నా భార్యను అడిగింది, మీ ఇంట ఆనవాయితీ లేనిది ఏమన్నా ఉందా అని.

"గుమ్మడి వడియాలు పెట్టమండీ" అన్నది నా భార్య, ఏమీ ఎరుగక. "ఎవరన్నా ఇస్తే తింటాం గానీ మా ఇంట పెట్టకూడదు. మా అత్తగారు పెట్టనిచ్చేది కాదు, ఆవిడ అత్తగారూ అంతేనట."

పెద్దావిడ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "మాకూ లేవమ్మా" అన్నది.

దానితో ఉన్న ఒక్క తలుపూ మూసుకుంది. వాళ్లు లిఫ్టు ఎక్కి వెళ్లిపోయాక, మురుకుల పళ్లెం అలాగే ఉండగా, నా భార్య అన్న మాట ఈ జ్ఞాపకాలన్నీ తవ్విపోసింది. "ఎక్కడో ఇంగ్లీషు సీమలో వందల ఏళ్ల కిందటి దొరల చుట్టరికాలన్నీ గోడకెక్కించి వచ్చిన మనిషి. సొంత తాత ఏ ఇంటివాడో చెప్పలేకపోయాడు."

ఆ మాట నిజమే. ఆ సంగతి చెప్పాలంటే నా ఉద్యోగపు తొలి రోజులకు వెళ్లాలి.

నేను సింగపూరు వచ్చి ఒక ఇంగ్లీషు సాయంకాలపు పత్రికలో ప్రూఫ్ రీడరుగా చేరినప్పుడు నాకు మీసాలు సరిగా రాలేదు. మా విభాగానికి పెద్ద ఒక ఇంగ్లీషాయన. తోటలో పుట్టినవాణ్ణి కదా, పైకి సర్ అని పిలిచినా మనసులో ఆయన నాకు ఎప్పుడూ దొరగారే. పెళ్లి చేసుకోలేదు. సీమలో తోబుట్టువులూ లేరు. సాయంకాలపు పత్రిక కనుక మధ్యాహ్నం దాటేసరికి ఆఖరి పేజీ మెషిన్‌కు వెళ్లిపోయేది, ఆ తరవాత ఊళ్లో అందరూ ఇంకా పనిలో ఉండగా మేం మాత్రం చేతులు ఖాళీగా కూర్చునేవాళ్లం. అలాంటి ఒక మధ్యాహ్నం ఆయన నన్ను తన బంగళాకు రమ్మన్నాడు. ప్రూఫులు చూసే కన్ను కావాలి, టీ ఇస్తాను అన్నాడు.

వెళ్లి చూస్తే ముందుగది గోడ గోడంతా కాగితం. అచ్చు యంత్రంలో రీలు చివర మిగిలిపోయే తెల్లకాగితాన్ని ఇంటికి తెచ్చి, అతికించి, దాని మీద ఒక వంశవృక్షం గీస్తున్నాడు. చాలా కాలం కిందట నార్మండీ నుంచి ఒక సేన సముద్రం దాటి ఇంగ్లాండును గెలుచుకుంది కదా, ఆ సేనతో వచ్చి వేల్సు సరిహద్దులో భూములూ కోటా సంపాదించుకున్న ఒక ప్రభువుల కుటుంబం అది. దొరగారి తల్లి పుట్టింటివాళ్లు తాము ఆ వంశపు కొమ్మేనని చెప్పుకునేవారట. ఆవిడ పోయేముందు, అది నిజమో కాదో తేల్చమని కొడుకును అడిగిందట. ఆయన ఎన్నో ఏళ్లుగా పుస్తకాలు తెప్పించుకుంటూ, సీమలోని పండితులకు రాస్తూ ఆ పని మీదే ఉన్నాడు. అది గొప్ప కోసం కాదని నాకు కొద్ది రోజుల్లోనే అర్థమైంది. తల్లి పోయాక తనవాళ్లెవరూ మిగలని మనిషికి ఆ గోడ మీద ఒక ఇంటినిండా జనం ఉన్నారు.

మా పని పద్ధతి ఆఫీసు పద్ధతే. ప్రూఫులు దిద్దేటప్పుడు ఒకరు గట్టిగా చదవాలి, కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పలకాలి, రెండోవారు కాగితంలో వేలు పెట్టి పోల్చుకోవాలి. అలాగే నేను పుస్తకం పట్టుకుని, ఫలానావాడి కొడుకు ఫలానావాడు, కామా, ఒక కూతురు, కామా, సంతానం లేకుండా చనిపోయెను, ఫుల్‌స్టాప్ అని చదువుతూ ఉంటే ఆయన గోడ మీద వేలు కదిలించేవాడు. చచ్చిపోయి అన్ని వందల ఏళ్లయినవాళ్లకు కామాలు పెడుతున్నామని ఒకోసారి ఇద్దరికీ నవ్వు వచ్చేది. రుజువైన సంబంధానికి సిరా గీత, నమ్మకమే తప్ప రుజువు లేనిదానికి పెన్సిల్ గీత. ఒక నోటి మాట పుకారు, రెండు నోళ్ల మాటైతే వార్త అని పత్రికలో మాకు నేర్పినదే ఆయన గోడ మీదా అమలు చేశాడు.

ఆ వంశం పేరులోని మొదటి ముక్కకు అర్థం 'ఫలానా ఊరివాళ్లు' అని చెప్పినప్పుడు నాకు భలే చనువు కలిగింది. మన ఇళ్లల్లో సగం ఇంటిపేర్లు ఊళ్లవే కదా. నార్మండీలో ఏ చిన్న పల్లెటూరి పేరో మోసుకుంటూ వచ్చి, ఆ పల్లె ముఖం మళ్లీ చూడకుండానే తరతరాలు బతికేశారు. మా తోటలోవాళ్లూ అంతే. అందుకే ఆ మనుషుల మధ్య నేను చనువు తీసుకుని పెద్ద తప్పొకటి చేశాను. ఒక ప్రభువుకు భార్య ఎవరో పుస్తకాల్లో లేదు. ఇంకెవరుంటారు, మేనమామ కూతురే అయ్యుంటుంది అన్నాను, అంత సంబంధం ఇంట్లో పెట్టుకుని ఎవడైనా బయట వెతుకుతాడా అన్నట్టు. దొరగారు టీ కప్పు కింద పెట్టి మరీ నవ్వాడు. ఆ కాలంలో వాళ్ల మతగురువులు మేనరికమే కాదు, దూరపు చుట్టాలను కూడా చేసుకోనివ్వలేదట. "నీ సలహా వింటే ఆ పాపం ప్రభువుకు పెళ్లితోపాటు వెలి కూడా పడేది" అన్నాడు. ఆ తరవాత చాలా రోజులు, గోడ మీద ఎక్కడ ఖాళీ కనిపించినా, "ఇక్కడ మేనమామ కూతుర్ని పెట్టమంటావా?" అని ఏడిపించేవాడు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. ఆ వంశంలో ఒక తరం దగ్గర మగపిల్లలు లేరు, ఒక్కతే కూతురు. ఆ తరవాతి తరంలో అదే కోటలో, అదే భూముల మీద, డాలు మీద ఆ వంశపు గుర్తైన మూడు కొంగల బొమ్మతో, అదే ఇంటిపేరుతో ఒకడు కనబడతాడు. కానీ వాడి తండ్రి పేరు వేరే, తండ్రి ఇల్లు వేరే. దొరగారి తల్లి పుట్టింటివాళ్లు చెప్పుకున్నది తాము వాడి సంతతి అని. వాడు ఆ ఇంటివాడే కాదని, పేరు కాజేసిన ఎవడో అని సీమలో ఒక పండితుడు తీర్పు చెప్పాడు. ఆ మాట రాసిన పుస్తకం ఉన్న బీరువా అర వైపు దొరగారు చూసేవాడు కాదు.

నాకది అంత వింతగా అనిపించలేదు. ఇల్లరికం వచ్చి ఉంటాడు వాడి తండ్రి అన్నాను. మగపిల్లలు లేని ఇంట్లో కూతుర్ని పంపరు, అల్లుణ్ణే తెచ్చుకుంటారు. అతగాడు అత్తవారి గడపలోనే ఉండిపోతాడు, పిల్లల్ని ఊళ్లో అందరూ తల్లి పుట్టింటివాళ్లనే పిలుస్తారు అని నాకు చేతనైన ఇంగ్లీషులో చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు. సీమలోనూ ఆస్తి ఉన్న ఆడపిల్ల మొగుళ్లు ఆమె ఇంటి గుర్తు తగిలించుకోవడం ఆయన ఎరిగినదే; కానీ తండ్రి నుంచి కొడుకుకు గీతలు గీసీ గీసీ, అటునుంచి చూడటం మరిచిపోయానన్నాడు. ఆ గోడ మీద ఆడవాళ్లకు చాలామందికి పేర్లే లేవు, ఒక కూతురు, ఇంకొక కూతురు, అంతే. ఆ రోజు నుంచి మేం కూతుళ్లను పట్టుకుని మళ్లీ మొదటి నుంచి చదివాం. చివరికి ఆ కొడుకు ఒక మఠానికి పొలం రాసి ఇస్తూ, తల్లిగారి తండ్రి ఆత్మశాంతి కోసం ఇస్తున్నానని అన్నట్టు ఒక చోట దొరికింది, మన గుళ్ల మీద దానశాసనాల్లో ఉంటుందే, అలాగ. తాత పేరు మాత్రం అక్కడ లేదు.

దొరగారు నిచ్చెన ఎక్కి, ఆ పేరులేని కూతురి నుంచి ఆ కొడుకు దాకా ఒక గీత గీశాడు. పెన్సిల్‌తో. సిరాతో గీయండి, ఇంకేం కావాలి అన్నాను, ఆయన సంతోషం చూసి. "ఒక్క నోరే కదా చెప్పింది" అన్నాడు. పదవీ విరమణ చేసి ఆ కాగితం చుట్ట చుట్టుకుని సీమకు వెళ్లిపోయాడు. కొన్నేళ్లు క్రిస్మస్‌కు కార్డులు వచ్చేవి, ప్రతి కార్డు అడుగునా 'ఇంకా పెన్సిలే' అని రాసేవాడు, తరవాత కార్డులు రాలేదు.

ఆ రోజు ఇల్లరికం మాట నా నోటికి అంత తేలికగా ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. తోటలో నా చిన్నప్పుడు మా నాయనమ్మకు వరసకు తమ్ముడయ్యే ముసలాయన ఒకడుండేవాడు. ఒకసారి ఏదో కోడిపుంజు తగాదాలో మా నాన్న పెద్దరికంగా మాట్లాడబోతే ఆయన, "ఇల్లరికపోడి కొడుకువి, నీకెక్కడి పెద్దరికంరా" అన్నాడు. వాకిట్లో ఉన్నవాళ్లంతా మాట మార్చేశారు. మా నాన్న ఆ పూట అన్నం తినలేదు. నాయనమ్మ అవునని గానీ కాదని గానీ అనలేదు, కొబ్బరాకులు చీలుస్తూ కూర్చుంది. తాతను నేను ఎరగను. ఆయన తరఫు మనిషి అంటూ ఆ తోటలో ఎవరూ లేరు. సొంత ఊళ్లో అయితే ఇల్లరికం వచ్చినా అతని ఇంటిపేరు అతనికి ఉంటుంది, గుర్తుచేసేవాళ్లు ఉంటారు. సముద్రం దాటాక ఎవరు గుర్తుచేస్తారు?

ఇప్పుడు లెక్క చూడండి. ఆ ముసలాయన మాట నిజమైతే, మేం మోస్తున్న ఇంటిపేరు మా నాయనమ్మ పుట్టింటిది, వడియాల ఆనవాయితీ కూడా అక్కడిదే. అప్పుడు ఆ అబ్బాయి మా నాయనమ్మ పుట్టింటివాడు, మా పిల్ల ఆ ఇంటి ఆడపడుచు సంతతి. ఇద్దరూ అన్నాచెల్లెళ్లు కారు సరికదా, అచ్చమైన బావామరదళ్లు, వరసైన సంబంధం. ఆ మాట నిజం కాకపోతే మాత్రం ఒకే ఇంటి పిల్లలు.

మరుసటి వారం నేనొక్కణ్ణే రైలెక్కి జురాంగ్ ఈస్ట్ వెళ్లాను. పెద్దావిడ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఇదంతా చెప్పాను. తాత ఇల్లరికం వచ్చాడని మా ఇంట్లో అందరికీ తెలుసని ఒక్క ముక్క చేరిస్తే పని అయిపోయేది, ఆవిడ కళ్లు ఆ ముక్క కోసమే చూస్తున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఆ మాట నాకు రాలేదు. ఒక్క మనిషి, ఒక్కసారి అన్నాడమ్మా, అంతే అన్నాను.

"మామూలుగా అన్నాడా, కోపంలో అన్నాడా?"

"కోపంలోనే."

"కోపంలో అన్నాడంటే నిజమే అయ్యుంటుంది" అన్నది. తరవాత ఆవిడే తల అడ్డంగా ఊపుకుని, "కానీ మన కోరిక కొద్దీ అనుకుంటున్నామేమో కూడా" అన్నది. ఆవిడ కఠినురాలు కాదు. మా పిల్ల జడ ఎంత ఒత్తుగా ఉందో అప్పటికి రెండుసార్లు మెచ్చుకుంది.

చివరకు దారి ఆవిడే చూపించింది. మన పెద్దలు ఎరిగిన దారే. పిల్లను మేనమామకు దత్తత ఇచ్చినట్టు చేసి, ఆయన చేత కన్యాదానం చేయిస్తే పిల్ల ఇల్లు మారుతుంది, దోషం పోతుంది. మా కోడలి అన్న వంతెన అవతల జొహోర్‌లో ఉన్నాడు, ఫోన్ చేస్తే సరేనన్నాడు. అంతా ఊపిరి పీల్చుకున్నారు. తువాస్ నుంచి పని ముగించుకుని వచ్చిన మా అబ్బాయికి చెబితే వాడూ సరేనన్నాడు. తరవాత చెప్పులు వేసుకుని వరండాలోకి వెళ్లి చాలాసేపు కింద కారు పార్కు చూస్తూ నిలబడ్డాడు. ఒక్కతే కూతురు. ఎవరి చేతిలోనో దాని చెయ్యి ఉండగా, వాడు పక్కన చూస్తూ నిలబడాలి. మా మనవరాలు వెళ్లి వాడి భుజం మీద తల ఆనించింది. "అప్పుడు నేను మీ ఇంటి పిల్లని కాదా, నాన్నా?" అని అచ్చ తెలుగులో అడగడం నాకు లోపలికి వినిపించింది. వాడేమన్నాడో వినబడలేదు.

ఆ సంగతి పెద్దావిడకు ఎలాగో తెలిసింది. ఊరికి వెళ్లే ముందు మా ఇంటికి వచ్చి ఒక మాట చెప్పింది. వాళ్ల ఇంట్లో ఒక ముసలి పిన్నత్తగారు ఉందట, ఇంటి పాత కబుర్లన్నీ ఆవిడకే తెలుసట. ఆ ఇంటి ఆడపడుచు ఒకతె ఇల్లరికపు మొగుడితో ఓడెక్కి వెళ్లిందేమో అడుగుతాను, అవునంటే రెండో నోరు దొరికినట్టే, తండ్రే కన్యాదానం చేసుకోవచ్చు అన్నది. శుభలేఖ వేయించడం అప్పటిదాకా ఆపమన్నది. మేం ఆపాం.

మన చిన్నప్పుడు కొత్త మనిషి తోటకు వస్తే, ఏ ఊరు, ఎవరింటివాళ్లు, మీ అమ్మ ఎవరింటి పిల్ల అని వాకిట్లోనే అడిగేసేవాళ్లు, కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చేలోపు మామో బావో ఏదో ఒకటి అయిపోయేవాడు. విసుగ్గా ఉండేది. ఇప్పుడు మా బ్లాకులో కనిపించిన ప్రతి పెద్దవాడూ పిల్లలకు అంకులే, ప్రతి పెద్దామె ఆంటీయే, ఎవరూ ఎవరికీ ఏమీ కానక్కర్లేదు. హాయిగానే ఉంది. అయితే ఆ విసుగు పుట్టించే ప్రశ్నలు మా తాతను ఎవరైనా నలుగురి ముందు అడిగి, ఆయన చెప్పిన జవాబు ఒక్కరైనా గుర్తుపెట్టుకుని ఉంటే బాగుండేదని ఈ మధ్య తరచు అనిపిస్తోంది.

పెద్దావిడ ఊరి నుంచి వారం వారం ఫోన్ చేస్తోంది. ముసలావిడకు చెవులు సరిగా వినబడవట, జ్ఞాపకంలో మనుషులు ఒకరిలో ఒకరు కలిసిపోతున్నారట. మొదటి వారం అడిగితే అవును, ఓడెక్కింది, వెంట మొగుడున్నాడు అన్నదట. పోయిన వారం అడిగితే వెళ్లింది పిల్ల కాదు, పిల్లవాడు అన్నదట. నన్ను అన్నయ్యగారూ అనాలో బావగారూ అనాలో తేలక పెద్దావిడ ఫోన్లో "ఏవండీ" అని మొదలుపెడుతుంది. ఆ పిలుపు తనదని నా భార్య పక్కనుంచి నవ్వుతుంది. నిన్న కూడా ఫోన్ వచ్చింది. ఇంకా ఏవండీ అనే అన్నది.